ఒక తల్లి, మూడు పేర్లు, రెండు జిల్లాలు: కావలి నుంచి ఒక ఇమ్మిగ్రేషన్ కేసు

ఇది నేను కావలిలో చూసిన కేసు. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను, ఆవిడ పేరు, ఊర్ల పేర్లు, కొన్ని తేదీలు మార్చాను. ఆవిడని ఇక్కడ రమణమ్మ గారు అంటాను. మా వైపు అమెరికా పిల్లల తల్లిదండ్రుల కాగితాలు చూసే లాయర్లకీ, మీసేవ వాళ్ళకీ, ముఖ్యంగా అమ్మానాన్నలకి పాస్‌పోర్ట్ తీయిద్దాం అనుకుంటున్న పిల్లలకీ పనికొస్తుందని వివరంగానే రాస్తున్నా.

నేపథ్యం

రమణమ్మ గారు పుట్టింది కందుకూరు తాలూకాలో ఒక పల్లెలో, 1966, 67 ప్రాంతంలో. అప్పటికి కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి పోయింది, తర్వాత రెండేళ్ళకి దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది, అప్పటికి మన జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు. అంటే ఆవిడ పుట్టిన ఇల్లు కదలకుండా అక్కడే ఉంది కానీ ఏ ఆఫీసు ఏ సంవత్సరంలో కాగితం ఇచ్చిందో దాన్నిబట్టి జిల్లా మారిపోతా ఉంటుంది.

ఆవిడ ఐదో తరగతి వరకు చదివారు, పెళ్ళై కావలి పక్కన అత్తగారి ఊరికి వచ్చారు, అది మొదట్నుంచీ నెల్లూరు జిల్లానే. సీజన్లో కందుకూరు వైపు పొగాకు గ్రేడింగ్ పనికి పోయేవాళ్ళు, ఆ పని మూలంగా వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపులో మిషన్ చాలాసార్లు ఆవిడని గుర్తుపట్టేది కాదు. భర్త చనిపోయారు. పెద్దమ్మాయి పెళ్ళై అమెరికా వెళ్ళింది, అల్లుడు అక్కడి సిటిజన్, కొన్నేళ్ళకి అమ్మాయికి కూడా సిటిజన్‌షిప్ వచ్చింది. సిటిజన్ అయిన పిల్లలు ఇరవయ్యొక్క ఏళ్ళు దాటి ఉంటే తల్లికి ఐ-130, అంటే దగ్గర బంధువుని అక్కడ స్థిరపడ్డానికి పిలుచుకునే పిటిషన్, వెయ్యొచ్చు, దీనికి ఏళ్ళతరబడి క్యూ ఉండదు, అమ్మాయి అదే వేసింది.

సమస్య ఏంది

వాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఆర్ఎఫ్ఈ, అంటే అదనపు ఆధారాలు పంపమనే నోటీసు, వచ్చి కొన్ని వారాలు గడిచిపోయాయి. వాళ్ళు అడిగింది సూటిగా ఒకటే: ఈ పిటిషన్ వేసిన అమ్మాయికి, ఈ పాస్‌పోర్ట్‌లో ఉన్న ఆవిడ తల్లి అని చూపించండి. ఎందుకు అడిగారంటే ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ అమ్మాయి పుట్టిన ముప్పై ఏళ్ళు దాటాక రిజిస్టర్ చేయించింది, అందులో తల్లి పేరు అత్తింటి ఇంటిపేరుతో ఉంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరే లేదు, పైగా అమ్మాయి పాస్‌పోర్ట్‌లో పుట్టిన చోటు కందుకూరు అని ఉంటే బర్త్ సర్టిఫికెట్‌లో కావలి దగ్గర ఊరు ఉంది.

ఈ నోటీసులకి మామూలుగా ఎనభై నాలుగు రోజుల దాకా గడువు ఇస్తారు, పొడిగించరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, జవాబు ఒకేసారి పంపాలి. సగం పంపి మిగతాది తర్వాత పంపుతాం అంటే కుదరదు, పంపిన సగాన్ని బట్టే నిర్ణయం చేసేస్తారు.

ఆవిడ కాగితాలన్నీ ఒక సంచీలో తెచ్చారు. టేబుల్ మీద పరిచి పేర్ల ప్రకారం పక్కన పెట్టుకుంటే మూడు గుంపులు అయినాయి. స్కూల్ టీసీలో పుట్టింటి ఇంటిపేరుతో వెంకట రమణమ్మ. పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు బుక్కు, భర్త చనిపోయాక ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరుతో రమణమ్మ. పాస్‌పోర్ట్‌లోనూ, కొత్తగా మార్పించిన ఆధార్‌లోనూ ఇంటిపేరు లేకుండా ఉత్త వెంకట రమణమ్మ. పుట్టినతేదీలు రెండు: టీసీలో 1967 జూలై 1, పాస్‌పోర్ట్‌లో 1966 జనవరి 1.

ఆ జనవరి 1 ఎట్లా వచ్చిందో చెప్పాలి. ఆధార్ ఎన్‌రోల్‌మెంట్ అప్పుడు తేదీకి రుజువు లేని వాళ్ళని వయసు అడిగి రాసుకున్నారు, కార్డు మీద పుట్టిన సంవత్సరం మాత్రమే పడింది. పాస్‌పోర్ట్ ఫారంలో తేదీ, నెల లేకుండా ముందుకు పోనీదు కదా, నింపినాయన జనవరి 1 వేసేశాడు. స్కూల్లో చేరేప్పుడు హెడ్‌మాస్టర్ వేసిన జూలై 1 కూడా అట్లాంటిదే. అసలు ఏ రోజు పుట్టారో ఆవిడకే కాదు, వాళ్ళ అన్నకి కూడా తెలియదు.

ఇంటిపేరు ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది

పాస్‌పోర్ట్ మొదట తీసినప్పుడు ఒక ఏజెంటు సర్‌నేమ్ గడి ఖాళీ వదిలేసి పేరు మొత్తం గివెన్ నేమ్ గడిలో పెట్టాడు. మన ఊర్లలో ఇది మామూలే. ఇంటిపేరు ముందు రాసుకోవడమో, ఒక్క అక్షరంగా పెట్టుకోవడమో మన అలవాటు, ఆ గడి ఎందుకుందో నింపేవాడికీ తెలియదు, సంతకం పెట్టేవాళ్ళకీ తెలియదు.

కానీ పాస్‌పోర్ట్ కింద రెండు లైన్లు ఉంటాయి చూడండి, బాణం గుర్తులతో, అవి మిషన్ చదవడానికి. ఐకావో అనే అంతర్జాతీయ విమానయాన సంస్థ పెట్టిన 9303 అనే ప్రమాణం ప్రకారం ఒక్కో లైనులో నలభై నాలుగు గడులు, మొదటి లైనులో ఐదు గడులు పాస్‌పోర్ట్ రకానికీ దేశానికీ పోతే మిగిలిన ముప్పై తొమ్మిదిలో పేరు సర్దుకోవాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తప్ప ఇంకో లిపి అందులో పట్టదు. ముందు ప్రధాన గుర్తింపు, అంటే సర్‌నేమ్, తర్వాత రెండు బాణాలు, తర్వాత మిగతా పేరు. ప్రధాన గుర్తింపు తప్పనిసరి, మిగతా పేరు లేకపోయినా పర్లేదు. అందుకని ఒకే పేరు ఉంటే ఆ లెక్కలో అదే సర్‌నేమ్ అయి కూర్చుంటుంది, సొంత పేరు లేని మనిషి అవుతారు.

అమెరికా వీసాలో ఆ ఖాళీని ఎఫ్ఎన్‌యూ అని నింపుతారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. రమణమ్మ గారు అంతకుముందు కూతురి పురుడుకి విజిటర్ వీసా మీద వెళ్ళొచ్చారు, ఆ వీసాలో సర్‌నేమ్ వెంకట రమణమ్మ, గివెన్ నేమ్ ఎఫ్ఎన్‌యూ. అక్కడ ఒకసారి జ్వరం వచ్చి హాస్పిటల్‌కి పోతే నర్సు బయటికొచ్చి "ఫ్నూ, ఫ్నూ" అని పిలిచిందంట, ఈవిడ తననే అని తెలియక కూర్చునే ఉన్నారు. "నా పేరు తీసేసి ఇంకెవర్దో పెట్టినారు నాయనా, నేనేం పేరు లేకుండా పుట్టినానా" అని నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కేసులో ఏం గెలవాలి అనేది నాకు ఆ మాటతోనే తేలింది. వీసా ఒక్కటే వస్తే చాలదు, ఆవిడ అక్కడ బతకబోయే మిగతా కాలమంతా ఆవిడ పేరుతోనే పిలిపించుకోవాలి.

యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉండి, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో కూడా లేనివాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. గల్ఫ్ వెళ్ళే మనవాళ్ళు ఈ సంగతి టికెట్ కొనుక్కున్నాక తెలుసుకుంటున్నారు, అది చూస్తే బాధ వేస్తుంది.

మా దగ్గరికి రాకముందు చేసినవి, అవి ఎందుకు పనిచెయ్యలేదు

ఆ ఏజెంటు ఆలోచన ఒకటే, అన్ని కాగితాలూ పాస్‌పోర్ట్ లాగా మార్చేస్తే గొడవ ఉండదని. అందుకే ముందు ఆధార్‌లో ఉన్న ఇంటిపేరు తీయించేశాడు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. రెండిట్లో ఒక అవకాశం తప్పు దిక్కులో ఖర్చయిపోయింది, ఆపైన బ్యాంకు కేవైసీ కుదరక పెన్షన్ డబ్బుల కోసం ఆవిడ రెండు నెలలు తిరిగారు.

రెండోది, బర్త్ సర్టిఫికెట్. అమ్మాయి పుట్టుక ఎక్కడా రిజిస్టర్ కాలేదని అత్తగారి ఊరి పంచాయతీలో లేదు అనే కాగితం తీసుకుని, ఏడాది దాటిన పుట్టుకలకి ఉండే లేట్ రిజిస్ట్రేషన్ దారిలో అదే ఊర్లో పుట్టినట్టు సర్టిఫికెట్ తీశాడు. అక్కడ తిరగడం తేలిక కాబట్టి ఆ ఊరు.

మూడోది, అఫిడవిట్లు. ఇద్దరు బంధువులతో, ఒకే రోజు, ఒకే నోటరీ దగ్గర, పేర్లు తప్ప అక్షరం తేడా లేకుండా. అందులో ఒకాయన అమ్మాయి పుట్టినప్పటికి మూడేళ్ళవాడు! "నాకు స్వయంగా తెలుసు" అని ఆయన ప్రమాణం చేసి చెప్పడాన్ని వయసు గడి చూసిన ఆఫీసర్ ఎవరైనా ఎట్లా నమ్ముతారు.

దేనికవి చూస్తే ఇవన్నీ సీలున్న అసలు కాగితాలే, దొంగవి కావు. అయినా బలం లేదు, ఎందుకంటే అన్నీ పిటిషన్ కోసం, పిటిషన్ వేసే ముందు పుట్టినవి. పుట్టుక ఏడాది తర్వాత రిజిస్టర్ అయితే అమెరికా వాళ్ళు దాన్ని ఒంటరిగా నమ్మరు, ఆ కాలంలో రాసిన ఇంకేదైనా చూపించమంటారు. వాళ్ళని తప్పు పట్టలేం. ఎక్కడో టేబుల్ ముందు కూర్చున్న మనిషికి రమణమ్మ గారు తెలియదు, ఊరు తెలియదు, ముందున్న కాగితాల వయసు ఒక్కటే కనిపిస్తుంది.

మొదటి నిర్ణయం: వెతకాల్సిన ఊరు

నేను ఆవిడని మొదట అడిగింది కాగితాల గురించి కాదు. "పెద్దమ్మాయి కాన్పు ఎక్కడయిందమ్మా?" అన్నా. "మొదటి కాన్పు పుట్టింట్లో కాక యాడ చేస్తారు నాయనా" అన్నారు. అంతే, ఏజెంటు వెతికిన ఊరే తప్పని తేలిపోయింది. అమ్మాయి పాస్‌పోర్ట్‌లో కందుకూరు అని ఎందుకు ఉందో కూడా అర్థమైంది, అదే నిజం.

జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నాటిది, మన దగ్గర 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అందులో 17వ సెక్షన్ కింద ఎవరైనా రిజిస్టర్ వెతికించి నకలు అడగొచ్చు. పుట్టింటి ఊరి పంచాయతీలో అమ్మాయి పుట్టిన 1989 పుస్తకం లేదు. పాత పుస్తకాలు మండలానికి పంపేశారని అక్కడి వాళ్ళే చెప్పారు, తహశీల్దార్ ఆఫీసులో రికార్డులు చూసే ఆయన, చాలా ఓపికమంతుడు, కట్టలు విప్పి వెతికిచ్చాడు. దొరికింది.

ఎంట్రీ ఒకే లైను. ఆడపిల్ల, తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, సమాచారం ఇచ్చినవారు. పిల్ల పేరు గడి ఖాళీ, అప్పటికి బారసాల కాలేదు కదా. తేదీ అమ్మాయి టెన్త్ సర్టిఫికెట్‌తో సరిగ్గా కలిసింది, తాతగారు పంచాంగంలో రాసి పెట్టుకుని స్కూల్లో వేసేప్పుడు అదే చెప్పారంట. తల్లి పేరు మాత్రం పుట్టింటి ఇంటిపేరుతో వెంకట రమణమ్మ అని ఉంది.

దీంతో ఇంట్లో వాళ్ళు దిగాలు పడ్డారు, ఇంకో తేడా పేరు వచ్చిందే అని. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా గట్టి కాగితం అనిపించింది. సమాచారం ఇచ్చినవారి గడి చూడండి అన్నాను, అక్కడ ఉన్నది రమణమ్మ గారి నాన్న పేరు. కూతురికి ఆయన తన ఇంటిపేరే చెప్పారు, ఏ నాన్నయినా అట్లాగే చెప్తాడు. అదే లైనులో అల్లుడి పేరు కూడా ఉంది కాబట్టి పుట్టింటి రమణమ్మ, అత్తింటి రమణమ్మ ఒకే మనిషి అని ఆ ఒక్క లైనే కలిపి చెప్తోంది. తేడా ఎందుకు వచ్చిందో ఆ కాగితమే చెప్తున్నప్పుడు ఆ తేడా మనకి సాక్ష్యం అవుతుంది.

రెండో నిర్ణయం: రెండు బర్త్ ఎంట్రీలు ఉన్నాయని మనమే చెప్పాలా

ఇక్కడే అసలు గొడవ. ఇప్పుడు ఒకే అమ్మాయికి రెండు ఊర్లలో రెండు ఎంట్రీలు. ఏజెంటు తీయించిన సర్టిఫికెట్ అప్పటికే పిటిషన్‌తో పాటు వెళ్ళిపోయింది. కుటుంబంలో పెద్దాయన ఒకరు "అది అట్లాగే ఉండనియ్యండి, కొత్తది బయటపెడితే మనమే తప్పు ఒప్పుకున్నట్టు కాదా" అన్నారు. ఆ భయం నాకు అర్థమైంది, తేలిగ్గా కొట్టిపారెయ్యలేదు, ఒక సాయంత్రమంతా కూర్చుని మాట్లాడాం.

నేను చెప్పింది ఇది. తప్పుడు కాగితం అని తెలిసిన తర్వాత కూడా దాని మీదే నిలబడితే అప్పుడది మనం తెలిసి చెప్పిన అబద్ధం అవుతుంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ మనిషికి జీవితాంతం రాకుండా అడ్డుపడుతుంది, దానికి మినహాయింపు దొరకడం చాలా కష్టం. ఆధారాలు చాలక పిటిషన్ పోతే మళ్ళీ వేసుకోవచ్చు. ఒకటి డబ్బు, టైము పోయే నష్టం, ఇంకోటి తల్లీ కూతుర్ని శాశ్వతంగా విడదీసే నష్టం. అక్కడ అమ్మాయి పెట్టుకున్న అటార్నీ కూడా ఇదే మాట అన్నారు, ఆవిడ నాకన్నా గట్టిగా చెప్పారు.

కాబట్టి చట్టంలో తప్పు ఎంట్రీలు సవరించడానికీ రద్దు చెయ్యడానికీ ఉన్న 15వ సెక్షన్ కింద లేట్ రిజిస్ట్రేషన్‌ని రద్దు చెయ్యమని అర్జీ పెట్టాం. గడువు లోపల రద్దు ఆర్డర్ రాదని తెలుసు, అందుకని అర్జీ కాపీ, అందినట్టు రసీదు జవాబులో పెట్టి, ఇంతకుముందు ఇచ్చింది ఫలానా కారణంతో తప్పు ఊరితో తీసింది, మేము ఇప్పుడు 1989 ఎంట్రీ మీద ఆధారపడుతున్నాం అని అమ్మాయి సంతకంతో రాసి ఇచ్చాం.

మూడో నిర్ణయం: ఆవిడ పేరు సొంతంగా ఉన్న పాత కాగితం

1989 ఎంట్రీ పుట్టింటి పేరుని భర్తతో కలిపింది. ఇంకా అత్తింటి పేరుతో ఉన్న రమణమ్మ గారినీ, పేరు పెట్టాక పెరిగి పెద్దదైన ఈ అమ్మాయినీ ఒకే కాగితం మీద చూపించేది కావాలి, అదీ పాతది. అమ్మాయి స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ తెప్పిస్తే తండ్రి పేరు ఒక్కటే. పాత రేషన్ కార్డులో ఆవిడ 'భార్య' అనే వరసలో. ఇట్లా వెతికేకొద్దీ నాకు మనసులో కష్టంగా ఉండింది. తెల్లారింది మొదలు పిల్లల్ని మోసి పెంచిన మనిషి పేరు పిల్లల కాగితాల్లో ఎక్కడా లేదు. తండ్రినో భర్తనో పట్టుకుంటే తప్ప ఆవిడ దొరకదు.

దొరికింది పొదుపు పుస్తకాల్లో. మన జిల్లాలో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచిన తర్వాత, 1990ల్లో, ఊరూరా ఆడవాళ్ళు పొదుపు గ్రూపులు కట్టారు, రమణమ్మ గారు వాళ్ళ గ్రూపులో మొదట్నుంచీ మెంబరు. గ్రూపు తీర్మానాల పుస్తకం లీడర్ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. 2005లో ఒక తీర్మానం: ఫలానా వారి భార్య రమణమ్మకి, పెద్ద కూతురు ఫలానా ఇంటర్ ఫీజు నిమిత్తం ఇంత అప్పు ఇవ్వడానికి సభ్యులందరూ ఒప్పుకున్నారు, కింద అందరి సంతకాలు, వేలిముద్రలు. తల్లి పేరు, తండ్రి పేరు, కూతురి పేరు, వరస, అన్నీ ఉన్నాయి, అమెరికా అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనుకోని రోజుల్లో రాసింది.

దీన్ని పెట్టడానికి మొదట అటార్నీ సందేహించారు, ప్రభుత్వ కాగితం కాదు కదా అని. నా వాదన ఏందంటే ఒంటరిగా అయితే నిలబడదు నిజమే, కానీ 1989 రిజిస్టర్, టెన్త్ సర్టిఫికెట్, అడ్మిషన్ రిజిస్టర్, బ్యాంకులో ఆ అప్పు జమ అయిన ఎంట్రీ వీటితో పాటు చూస్తే ఇది మధ్యలో ఖాళీని పూడుస్తుంది, పైగా దీన్ని ఎవరూ వీసా కోసం సృష్టించారని అనలేరు. పెట్టాం.

అఫిడవిట్లు కొత్తగా రాయించాం. ఒకటి రమణమ్మ గారి అన్న, ఇంకోటి కాన్పు రోజు ఇంట్లో ఉన్న పక్కింటి ముసలావిడ. ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆ రోజు మంత్రసానిని ఎవరు పిలుచుకొచ్చారు, తాను ఆ టైములో ఎక్కడున్నారు, తనకెంత వయసు. అన్నకి తేదీ గుర్తులేదు, గుర్తులేదనే రాశాం. రెండిట్లో చిన్న తేడాలు వచ్చాయి, అవి దిద్దలేదు.

తర్జుమా దగ్గర కూడా ఇట్లాంటి జాగ్రత్తే. తెలుగు కాగితం ప్రతిదానికీ పూర్తి ఇంగ్లీషు తర్జుమా, చేసినవాళ్ళకి రెండు భాషలూ వచ్చనే ధ్రువీకరణ కావాలి. మన తర్జుమా వాళ్ళకి ఒక మంచి ఉద్దేశంతో కూడిన చెడ్డ అలవాటు ఉంది, పేర్లన్నీ పాస్‌పోర్ట్ స్పెల్లింగ్‌కి సర్దేస్తారు. ఒరిజినల్‌లో భర్త పేరు ఒకచోట వెంకటేశ్వర్లు, ఇంకోచోట వెంకటేశ్వరులు ఉంటే అట్లాగే ఉండాలి. తర్జుమాలో సర్దినట్టు కనపడితే మిగతా తర్జుమా మీద కూడా నమ్మకం పోతుంది.

జిల్లాల సంగతికి ఒక పేజీ నోట్ పెట్టాం, 1970, 2022 తేదీలతో, ఏ కాగితం ఏ కాలంలో ఇచ్చారో పట్టీ వేసి. డీఎన్ఏ టెస్ట్ గురించి అమ్మాయి మొదటి రోజే అడిగింది, దాంతో ఒక్క దెబ్బకి తేలిపోతుంది కదా అని. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లోనే, వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే శాంపిల్ ఇవ్వాలి, మనంతట మనం ఊర్లో చేయించుకున్నది చెల్లదు, మిగిలిన గడువులో అదంతా అయ్యేట్టు లేదు. అడిగితే సిద్ధమే అని ఒక వాక్యం మాత్రం రాశాం. అడగలేదు. గడువు ఇంకా కొన్ని రోజులుండగానే జవాబు వెళ్ళింది, పిటిషన్ అప్రూవ్ అయింది.

నాలుగో నిర్ణయం: ఏ ఇంటిపేరు, ఏ వరసలో

ఇప్పుడు ఎఫ్ఎన్‌యూ వదిలించుకోవాలి. పాస్‌పోర్ట్ రీ-ఇష్యూలో సర్‌నేమ్ చేర్చాలి. దారులు మూడు. చాలామంది ఏజెంట్లు చేసేది పేరుని రెండుగా చీల్చడం, రమణమ్మ సర్‌నేమ్, వెంకట గివెన్ నేమ్. తేలిక, మార్పు తక్కువ, కానీ అక్కడ జీవితాంతం ఆవిడని "వెంకటా" అని పిలుస్తారు. పుట్టింటి ఇంటిపేరు పెడితే టీసీతో, 1989 ఎంట్రీతో కలుస్తుంది, కానీ బతుకంతా వాడిన కాగితాలతో కలవదు. అత్తింటి ఇంటిపేరు ఓటరు కార్డు, బ్యాంకు, ఇంటిపన్ను, భర్త డెత్ సర్టిఫికెట్, కూతురి పెళ్ళికి ముందు పేరు, అన్నిట్లో ఉంది.

కాగితాల లెక్క ప్రకారం మూడోదే సరైంది అని నాకు తెలుసు, అయినా ఆవిడనే అడిగాను. పేరు ఆవిడది కదా. కాసేపు ఆలోచించి "ఆయన ఇంటిపేరే పెట్టండి, పిల్లలది కూడా అదేగా" అన్నారు. అఫిడవిట్, రెండు పేపర్లలో ప్రకటన, పాత ఐడీలు పెట్టి అప్లై చేశాం, తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్, పోలీస్ వెరిఫికేషన్‌లో కానిస్టేబుల్ పేరు మార్పు కారణం అడిగితే ఆవిడే చెప్పుకున్నారు.

పుట్టినతేదీ మార్చలేదు. రెండు తేదీలూ అంచనాలే, జూలై 1 నిజం అని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు, అంచనా తీసేసి ఇంకో అంచనా పెట్టడానికి ఇంకో మార్పు, ఇంకో ప్రశ్న ఎందుకు. టీసీలో వేరే తేదీ ఉందనీ అసలు తేదీ ఇంట్లో ఎవరికీ కచ్చితంగా తెలియదనీ అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాశాం.

ఆధార్ అన్నిటికన్నా చివర. ఒక్క ఛాన్సే మిగిలింది కాబట్టి కొత్త పాస్‌పోర్ట్ చేతికొచ్చి, స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకున్నాకే ఆ పాస్‌పోర్ట్‌నే ప్రూఫ్‌గా పెట్టి ఆధార్ మార్చాం. అది కూడా తప్పు పోతే రీజినల్ ఆఫీసు దాకా వెళ్ళి మినహాయింపు అడుక్కోవాల్సి వచ్చేది. సెంటర్లో వేలిముద్ర పడలేదు, ఐరిస్‌తో అయింది.

వీసా ఫారంలో ఇంతకుముందు వాడిన పేర్లు అని ఒక గడి ఉంటుంది, చాలామంది భయపడి లేవు అని పెడతారు. మేము అన్నీ రాశాం, ఇంటిపేరు లేనిది, పుట్టింటిది, ఎఫ్ఎన్‌యూతో సహా. ముంబై కాన్సులేట్‌లో వేళ్ళు తుడిచి మళ్ళీ మళ్ళీ ముద్రలు తీసుకున్నారంట, ఇంటర్వ్యూలో పిల్లల గురించి, భర్త గురించి కొన్ని అడిగి పంపేశారు. వీసా వచ్చింది, రెండు గడుల్లోనూ ఆవిడ పేరే ఉంది.

ఇప్పుడు నా పద్ధతిలో ఏం మారింది

మొదటి రోజు కాగితాలు కాదు, మనిషి కథ రాసుకుంటున్నా: ఎక్కడ పుట్టారు, కాన్పులు ఎక్కడ, ఎవరు ఎవరికి చెప్పి రాయించారు. పేరులో తేడా కనిపించగానే దాన్ని చెరిపే పని పెట్టుకోను, ఆ తేడా ఏ రోజు, ఏ ఆఫీసులో, ఎవరి నోట పుట్టిందో తెలిసేదాకా ఏ కాగితమూ ముట్టుకోను. మార్చాల్సి వస్తే బయటి దేశం చూసే పాస్‌పోర్ట్ ముందు, దాని వెనక మిగతావి, ఛాన్సులు తక్కువున్న ఆధార్ ఆఖర్న.

పిల్లలకి చెప్పేది కూడా ఉంది. అమ్మకి పాస్‌పోర్ట్ ఫారం నింపేటప్పుడు మీరు పక్కన కూర్చోండి, సర్‌నేమ్ గడి ఖాళీ వదలనియ్యకండి, ఏ ఇంటిపేరు కావాలో ఆవిడని అడగండి. ఏజెంటుకి ఐదు నిమిషాల పని, ఆవిడకి ఆ తర్వాత జీవితమంతా.

పాత రిజిస్టర్ల గురించి నాకు చాలా ఆందోళనగా ఉంది. మేము చూసిన 1989 పుస్తకం అంచులు చెదలు తినేశాయి, అమ్మాయి ఎంట్రీకి రెండు లైన్ల కింద కాగితం లేదు. గుడ్లూరు, ఉలవపాడు, లింగసముద్రం, కందుకూరు వైపు పుట్టి, ఇంట్లో కాన్పు అయిన వాళ్ళు ఎవరైనా ఉంటే, వీసా అవసరం ఉన్నా లేకపోయినా, అమ్మమ్మగారి ఊరి రిజిస్టర్ నకలు ఇప్పుడే అడిగి తీసుకోండి. అర్జీ తెల్లకాగితం మీద రాస్తే చాలు: పుట్టిన సంవత్సరం, ఊరు, తాత పేరు, తండ్రి పేరు. పిల్ల పేరుతో వెతకమనకండి, ఆ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది, తాత పేరుతో వెతకమనండి.